గేటు మూయనిదే కదలని మా అత్త

మా అత్తకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకూ ఆవిడ పోలికే వచ్చిందని ఇంట్లో అందరూ అంటారు. అలాంటి ఇద్దరిని ఒకే సోఫాలో కూర్చోబెట్టి, ఒకరి నోటికి తాళం వేసి, ఇంకొకరి చేతికి వీడియో గేమ్ కంట్రోలర్ ఇస్తే ఏమవుతుందో ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో తేలింది. తాళం పడింది నా నోటికి.

నేను వీడియో గేమ్‌లు తయారుచేసే చోట పనిచేస్తాను. అప్పుడు మేం చేస్తున్నది ఒక సాహసాల ఆట. ఎర్ర కండువా కట్టుకున్న ఓ పిల్ల భూమి అడుగున మునిగిపోయిన నగరాన్ని వెతుక్కుంటూ పోతుంది. అందులో మొట్టమొదట వచ్చే గుహ నాది. ఆ గుహ ఉన్నదే నేర్పడానికి. ఎలా నడవాలి, మీట ఎలా లాగాలి, నీళ్ళు ఎటు పారితే ఏమవుతుంది, ఇవన్నీ అక్కడే తెలియాలి. మిగతా ఆటల్లో అయితే తెర మీద బాణం గుర్తు వచ్చి, 'ఇక్కడ నొక్కండి' అని చంటిపిల్లలకు చెప్పినట్టు చెబుతారు. అది చూస్తే నాకు ఒళ్ళు మంట. నా గుహలో ఒక్క అక్షరం ఉండదు. చూసిన మనిషికి తనంతట తనకే తట్టాలి. దాని కోసం ఏడాది పాటు తిండీ నిద్రా సరిగ్గా లేకుండా కష్టపడ్డాను.

గుహ చాలా చిన్నది. మొదటి గదిలో ఒక కాలువ పారుతుంటుంది. చివర రాతి గేటు. పక్కనున్న మీట లాగితే గేటు లేస్తుంది, కాలువ నీళ్ళు రెండో గదిలోకి పారతాయి. ఆ రెండో గది ఒక లోతైన బావి లాంటిది. మెట్లు దిగి వెళితే అడుగున ఒక చెక్క పలక ఉంటుంది. నీళ్ళు నిండేకొద్దీ పలక తేలుతూ పైకి లేస్తుంది. పైన గట్టు, గట్టు మీద బయటికి దారి. అంతే. గేటు మూస్తే నీళ్ళు రావు, ఉన్న నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఇంకిపోతాయి, పలక కింద పడి ఉంటుంది. ఎవరైనా పొరపాటున గేటు మూసుకుంటే లోపల చిక్కుకుపోతారని జాలిపడి, గేటుకి లోపలి వైపు కూడా ఒక మీట పెట్టాను. ఆ జాలే నా కొంప ముంచింది.

మా టీం లీడుకి మొదటి నుంచీ ఈ గుహ నచ్చలేదు. బయటివాళ్ళను పిలిచి ఆడిస్తే ఒకాయన మీట వదిలేసి గోడను గుద్దుతూ కూర్చున్నాడు. ఇంకొకావిడ పలక ఎక్కకుండా దాని చుట్టూ ఈదుతూ తిరిగింది. చివరికి లీడు తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్క మనిషిని తీసుకురా. ఆటల మొహం చూసి ఉండకూడదు. ఎవరూ ఏమీ చెప్పకుండా వాళ్ళంతట వాళ్ళు దాటితే నీ గుహ ఉంటుంది. దాటకపోతే బాణాలు పెట్టేద్దాం. ఇక దాని మీద మాటల్లేవు."

ఆ ఒక్క మనిషిగా నేను ఏరికోరి మా అత్తను ఎంచుకున్నాను.

అత్త అంటే మా నాన్న అక్క. ఉద్యోగం చేసినంత కాలం ఒక పెద్ద ఆసుపత్రిలో లిఫ్టు ఆపరేటర్‌గా చేసింది. ఇప్పటి లిఫ్టులు కావు. మడతలు పడే ఇనుప గ్రిల్లు, దాని వెనుక ఇంకో గ్రిల్లు, లోపల ఇత్తడి పిడి, పక్కన ఒక స్టూలు. మా ఇంట్లో నన్ను చూసుకునే దిక్కులేక బడి వదిలాక నేను తిన్నగా ఆ లిఫ్టులోకే వెళ్ళేదాన్ని. అత్త స్టూలు నాకిచ్చి తను నిలబడేది. నేను పైకీ కిందకీ పోతూనే ఎక్కాలు బట్టీపట్టాను. స్ట్రెచర్ వస్తే గోడకు అతుక్కునేదాన్ని. పురిటి నొప్పులతో అరిచేవాళ్ళు, కొత్త బిడ్డను ఎత్తుకుని నవ్వుతూ దిగేవాళ్ళు, తెల్లదుప్పటి కప్పుకుని దిగేవాళ్ళు, అందరూ ఆవిడ చేతి మీదుగానే. ఎవరు ఎంత తొందరపెట్టినా రెండు గ్రిల్లులూ చేత్తో లాగి, పడ్డాయో లేదో ఓసారి కుదిపి చూసి, అప్పుడే పిడి తిప్పేది. ఒకసారి పెద్ద డాక్టరు గారు పరుగున వచ్చి, "గ్రిల్లు తర్వాత, ముందు పోనీ అమ్మా" అన్నారు. ఆవిడ పిడి మీంచి చెయ్యి తీసేసి, "మీరు మూయండి, నేను పోనిస్తా" అంది. పాపం ఆయనే మూశారు.

తర్వాత తమంతట తామే మూసుకునే తలుపుల లిఫ్టులు వచ్చాయి. అత్తను తీసేయలేదు గానీ, కింద వరండాలో కుర్చీ వేసి, ఏ విభాగం ఎటుందో వచ్చినవాళ్ళకు చెప్పమన్నారు. గోడ నిండా బోర్డులున్న చోట ఎవరడుగుతారు? అలా అడిగేవాళ్ళు లేకుండానే ఉద్యోగం ముగిసింది. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. ఇంట్లో ఏ పని ముట్టుకోబోయినా "మీకెందుకత్తయ్యా, కూర్చోండి" అంటుందట కోడలు. మర్యాదగానే అంటుంది. ఆ మర్యాదకే అత్తకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అందుకే "అత్తా, ఆఫీసులో నాకు నీ సాయం కావాలి" అని ఫోన్లో అనగానే ఎందుకని కూడా అడగలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని, చెప్పిన టైముకి ముందే వచ్చి గేటు దగ్గర నిలబడింది. నాకైతే గంపెడాశ. జీవితమంతా మనుషుల్ని పైకెక్కించిన మనిషికి, తేలే పలక ఎక్కి పైకి పోవాలని తట్టదా? కళ్ళు మూసుకుని దాటేస్తుందనుకున్నాను.

ఆట ఆడించే గదిలో ఒక సోఫా, ఎదురుగా పెద్ద తెర, మూలన ఒక కెమెరా. పక్క గోడకు అద్దాల కిటికీ, అద్దం అవతల లీడు. ఒక్కొక్కరికి గంట సమయం. ఆడేవాళ్ళకు పక్కనున్నవాళ్ళు సాయం చేయకూడదు. మొహంలో కూడా ఏమీ కనిపించనివ్వకూడదు. ఏమడిగినా ఒకే వాక్యం చెప్పాలి: 'మీకు ఎలా అనిపిస్తే అలా చేయండి.' ఆ నియమం పెట్టించింది కూడా నేనే, ఇంకెవరినో తిట్టుకోవడానికి కూడా లేదు.

ముందు అంతా బాగానే జరిగింది. కంట్రోలర్ పట్టుకోవడం చూపించాను, అంతవరకు చూపించవచ్చు. అత్త కాసేపు ఎర్ర కండువా పిల్లను గోడలకు గుద్దించింది, "అయ్యో తల్లీ" అని జాలిపడింది, తర్వాత తిన్నగా నడిపించింది. మీట కనబడగానే లాగింది. గేటు లేచింది. నేను సోఫా అంచున కూర్చుని లోలోపల చంకలు గుద్దుకుంటున్నాను.

పిల్ల గేటు దాటి లోపలికి వచ్చింది. అత్త పిల్లను వెనక్కి తిప్పి, లోపలి మీట లాగి, గేటు మూసేసింది.

తర్వాత మెట్లు దిగి పలక ఎక్కి నిలబడింది. పలక కదలలేదు. అత్త ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను.

"కదలదేమే?"

"మీకు ఎలా అనిపిస్తే అలా చేయండి."

అత్త నా వైపు తిరిగింది. "మీకా? ఎవరితో మాట్లాడుతున్నావే? పుట్టి బుద్ధెరిగాక నన్నెప్పుడైనా మీరన్నావా?"

అద్దం అవతల లీడు నవ్వడం కనబడింది. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను.

అత్త మళ్ళీ పైకెళ్ళింది. గేటు తెరిచింది. కుదిపి చూసినట్టు మీటను అటూ ఇటూ ఆడించింది. మళ్ళీ మూసింది. గేటు సరిగ్గా పడలేదేమోనని అనుమానం అన్నమాట! మళ్ళీ పలక ఎక్కింది. మళ్ళీ నిలబడింది. ఇలా తిరుగుతూనే ఉంది. ప్రతిసారీ గేటు తీసినప్పుడు నీళ్ళు గలగలా పారి పలక కాస్త లేవడం, ఈవిడ గేటు మూయగానే అది కిందికి కూలబడడం. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. 'అత్తా, ఆ మీట ముట్టుకోకు' అనే నాలుగు ముక్కలు గొంతు దాకా వచ్చి ఆగిపోతున్నాయి. పళ్ళు నూరుకుంటుంటే దవడలు నొప్పెట్టాయి. ఏడాది పని నా కళ్ళ ముందే ఇంకిపోతోంది, నేను బొమ్మలా కూర్చున్నాను.

"ఇది పాడైపోయింది. మెకానిక్కుని పిలవండి" అంది అత్త అద్దం వైపు చూస్తూ. ఎవరూ కదలలేదు. "పిలవరా? సరే."

ఈసారి గేటు తెరిచి, మూయబోతూ ఆగింది. నీళ్ళు పారుతున్నాయి. బావి అడుగున పలక మెల్లగా లేస్తోంది. అత్త కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. గేటు మూసింది, పలక దిగింది. తెరిచింది, లేచింది. తట్టింది! ఆవిడకు తట్టేసింది!

"అంటే గేటు తీసి ఉంటేనే ఇది లేస్తుందా?"

"మీకు ఎలా అనిపిస్తే అలా చేయండి."

"ఎవడే దీన్ని కట్టింది?"

వేరే వాక్యం చెప్పే వీల్లేదు కదా.

"గేటు బార్లా తీసి పెట్టి లిఫ్టు పైకి పోనివ్వడమేంటి? బుద్ధున్నవాడు కట్టే పనేనా ఇది?" అని గేటు మూసి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, చేతులు కట్టుకుంది. "నేనెక్కను."

ఎంత ఒళ్ళు మండిందంటే, ఆ క్షణాన ఆవిడ మా అత్త కాకపోయి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. తట్టకపోతే అది వేరు. తట్టింది! నా గుహ చెప్పదలుచుకున్నదంతా, ఒక్క అక్షరం లేకుండా, ఆటంటే ఏమిటో తెలియని మనిషికి చెప్పేసింది. కానీ బయటికి దాటితేనే లెక్క. ఈవిడేమో గెలిచే దారి కళ్ళ ముందు పెట్టుకుని, అది అధర్మమని కూర్చుంది. ఏమని బతిమాలను? బతిమాలడానికీ నోరు లేదు.

అత్త మాత్రం ఖాళీగా ఉండలేదు. మొదటి గదిలో అలంకారానికి పెట్టిన కుండలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి బావిలో పడేసింది, పలక లేస్తుందేమోనని. గోడ ఎక్కబోయి పిల్లను కింద పడేసింది. గేటు సగం మూయాలని చూసింది. నేను సగం మూసే గేటు కట్టలేదు. ప్రతి ఓటమికీ ఒక నిట్టూర్పు, నా వైపు ఒక గుర్రు చూపు. పిల్ల తడిసి ముద్దై మెట్ల మీద నిలబడింది. అద్దం అవతల లీడు గడియారం చూసుకున్నాడు. ఆ చూపు నేను చూశాను. నేను చూడడం అత్త చూసింది.

"ఆయనెవరు? మీ పై ఆయనా?"

నేను తల కూడా ఊపలేదు.

"నేను దాటకపోతే నీకేమైనా ఇబ్బందా?"

"మీకు..." అన్నాను. మిగతాది రాలేదు.

అత్త నా మొహంలోకి చూసింది. లిఫ్టులో ఎవరు ఏ వార్తతో దిగుతున్నారో నోరు తెరవకముందే తెలుసుకున్న మనిషి. నేను ఎంత రాయిలా పెట్టినా ఆ మొహం ఆవిడ ముందు ఏమాత్రం? ఇంకేమీ అడగలేదు. కంట్రోలర్ తీసుకుంది. గేటు తెరిచింది. కాసేపు ఆ మీట దగ్గరే పిల్లను నిలబెట్టింది. ఆవిడ బొటనవేలు బటన్ మీదికి వెళ్ళడం, వెనక్కి రావడం చూశాను. తర్వాత గేటు అలాగే వదిలేసి, మెట్లు దిగి, పలక ఎక్కింది.

పలక లేచింది. అది పైకి పోతున్నంతసేపూ అత్త కళ్ళు మూసుకుని ఉంది. గట్టుకు ఆనిన చప్పుడు వినబడ్డాకే తెరిచింది. పిల్ల గట్టు మీద కాలు పెట్టింది. ఎదురుగా బయటికి దారి, దాని నిండా వెలుగు. నేను మనసులోనే ఎగిరి గంతేశాను. ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు, నా గుహ బతికినట్టే.

అత్త ఆ నాలుగడుగులూ వేయలేదు. పిల్లను వెనక్కి తిప్పి, గట్టు అంచున నిలబెట్టి, కిందికి చూసింది.

"లిఫ్టు పైనుంది. కింద గేటు తీసుంది" అంది. "ఇప్పుడెవరైనా వస్తే?"

ఎవరూ రారు. అది ఆట. అందులో ఆ పిల్ల తప్ప ఇంకో ప్రాణి లేదు. ఈ మాట నా నాలుక చివర ఉంది.

"చీకట్లో తిన్నగా నడిచొచ్చేస్తారు. లోపల పలక ఉందనుకుని కాలు పెడతారు. కింద నీళ్ళు." అత్త గొంతులో ఇప్పుడు కోపం లేదు. "నాకు ముందు డ్యూటీ చేసినతను ఓ రోజు అలాగే గ్రిల్లు తీసి పెట్టి పైకెళ్ళాడు. మందుల ట్రే పట్టుకుని ఒక నర్సమ్మ వచ్చింది. చిన్నపిల్ల. ట్రే చూసుకుంటూ అడుగేసింది. ఆ పిల్ల పోయాకే నన్ను ఆ ఉద్యోగంలో పెట్టారు."

ఆ స్టూలు మీద కూర్చుని పెరిగినదాన్ని. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

"ఎవరో ఒకరు వచ్చి ఆ గేటు మూసేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. నువ్వు ఏమైనా అనుకో" అని అత్త కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుంది. కండువా పిల్ల గట్టు అంచున కాపలా నిలబడింది. వెనుక దారిలో వెలుగు అలాగే ఉంది. అద్దం అవతల లీడు లేచి నిలబడ్డాడు. సమయం అయిపోవచ్చింది.

ఎదురుచూడవచ్చు. ఆవిడ విసిగిపోయి ఎప్పటికో నడవవచ్చు. కానీ ఆవిడ పంతం నాకు తెలియదా, అలా నిలబడమంటే రేపటి దాకా నిలబడుతుంది. నా మీద నాకు, గుహ మీద, ఆ లీడు మీద, చచ్చిపోయిన ఆ పిల్ల మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"అత్తా" అన్నాను. "నువ్వు వెళ్ళు. గేటు నేను మూస్తాను."

అత్త నా వైపు తిరిగింది. "మర్చిపోవు కదా?"

"మర్చిపోను."

అప్పుడు కంట్రోలర్ తీసుకుని, పిల్లను వెలుగులోకి నడిపించేసింది. తెరంతా తెల్లబడింది. అద్దం అవతల లీడు కాగితం మీద ఏదో గీత కొట్టి, దీపం ఆర్పేసి వెళ్ళిపోయాడు. నోరు విప్పితే లెక్కలోకి రాదు. నియమం నేను పెట్టించిందే.

"పాసయ్యానా?" అని అడిగింది అత్త, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"పాసయ్యావు."

"మరి నీ మొహం అలా ఉందేమే?"

"తలనొప్పి."

ఆవిడ చేతిసంచీ సర్దుకుంటున్నంతలో నేను కంట్రోలర్ తీసుకున్నాను. పిల్లను మళ్ళీ గుహలోకి తెచ్చి, నీళ్ళలోకి దూకించి, ఈదించి, మెట్లెక్కించి గేటు మూశాను. అత్త వెనుక నిలబడి చూసి, సరేనని తలూపింది.

ఆ ఆట ఇప్పుడు బయటికొచ్చింది. దాని మొదట్లో గుహ లేదు. ఒక తిన్నని సొరంగం, నిండా బాణాలు, 'ఇక్కడ నొక్కండి' అని పెద్ద అక్షరాలు. నా గుహను చెరిపేయమన్నారు, నేనే చెరిపాను. అత్తకు చెప్పలేదు. చెప్పడానికి ఎన్నిసార్లు ఫోను చేసినా, కోడలితోనో పక్కింటావిడతోనో ఆవిడ గర్వంగా అంటున్నది వినబడి నోరు మూసుకుంటున్నాను.

"మా మేనకోడలు కట్టిన గుహ. ఎంతమందో వచ్చి దాటలేక పోయారట. నన్ను పిలిపించారు."

వింటుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కాదనడానికి ఏమీ లేదు. బయటి మనుషుల్లో ఆ గుహ దాటింది ఆవిడొక్కతే. ఇక ఎవరూ దాటరు.